వాన అంచున గొడుగు మావయ్య

మా మావయ్య గొడుగులు బాగుచేస్తాడు. ఈ రోజుల్లో గొడుగు బాగుచేయించుకునేవాళ్ళెవరని అడక్కండి, నాకు ఒళ్ళు మండుతుంది. ముసురు పట్టిన రోజు ఒకసారి వచ్చి ఆ దుకాణం ముందు నిలబడండి, మీకే తెలుస్తుంది. ఊచ విరిగిందని ఒకరు, గాలికి తిరగబడిందని ఒకరు, బస్సు తలుపులో ఇరుక్కుందని ఇంకొకరు. ఆ బస్సు నాది కాకూడదని మనసులో దణ్ణం పెట్టుకుంటాను, ఎందుకంటే నేను సిటీ బస్సు నడుపుతాను.

దుకాణం రెండు వీధుల్ని కలిపే సందులో ఉంది. సందంతటికీ పైన అద్దాల కప్పు. ఇటుపక్క బేకరీ, అటుపక్క ఫొటో స్టూడియో, మధ్యలో చేతులు చాపితే రెండు గోడలూ తగిలేంత ఇరుకులో మావయ్య. విప్పిన గొడుగులు పైనుంచి తలకిందులుగా వేలాడుతుంటాయి. అద్దాల మీద వాన పడుతుంటే వాటి నీడలు గోడ మీద మెల్లగా ఊగుతాయి. వాటి కింద మావయ్య తల వంచుకుని, ఊచ చివరికి బట్ట అంచు కుడుతూ, అసలు ఈ లోకంలోనే లేనట్టు ఉంటాడు. బేరం వచ్చి ఎదురుగా నిలబడ్డా ఆ కుట్టు ముడి పడేదాకా తలెత్తడు. సందులో అందరికీ ఆయన గొడుగు మావయ్యే. సొంత మేనకోడల్ని నేనొక్కదాన్నే అయినా, ఆ వరస మాత్రం ఊరందరూ పంచేసుకున్నారు.

అలాంటి మనిషి డ్రోన్ ఎగరేస్తాడంటే మొదట్లో నేనే నమ్మలేదు. దాని వెనకున్నది మా అమ్మ.

అమ్మ ఆయనకి అక్క. ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి జనాన్ని దాటించే లాంచి నడిపేది. కొన్నేళ్ళ కిందట ఆమె చూపు పక్కల నుంచి తగ్గుతూ వచ్చింది. ఒకరోజు ఎడమవైపు నుంచి వస్తున్న చేపల పడవ ఆమెకి కనిపించలేదు. ఎవరికీ ఏమీ కాలేదు. అయినా ఒడ్డు చేరగానే లాంచి తాళంచెవి ఆఫీసులో ఇచ్చేసి, నడుచుకుంటూ ఇంటికొచ్చింది.

ఇప్పుడు ఆమెకు మిగిలింది నడిమి చూపే. చొక్కా కాజాలోంచి చూస్తున్నట్టు ఉంటుందట. పక్కన కూర్చున్న మనిషి ముక్కు కనిపిస్తే చెవులు కనిపించవు. దూరంగా ఉన్నదైతే చిన్నదిగా అవుతుంది కాబట్టి మొత్తంగా ఆ కాజాలో పడుతుంది. ఈ మధ్య కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే, ఆవిడ మెత్తగానే చెప్పింది.

"ఈ మిగిలింది కూడా నిలవదమ్మా. ఎన్నాళ్ళన్నది నేను చెప్పలేను. చూడాలనుకున్నవి ఏమైనా ఉంటే వాయిదా వేసుకోకండి."

బయటికొచ్చి ఆస్పత్రి మెట్ల మీద కూలబడ్డాను. అమ్మ నా పక్కనే కూర్చుని, కాసేపు వీధి కేసి చూసి, "ఒకటి చూడాలనుందే," అంది. నన్నే అంటుందేమోనని కళ్ళు తుడుచుకుని తిరిగాను.

"ఏటి మీద వాన నడిచిరావడం చూడాలే. పైనుంచి. ఇన్నేళ్ళు వానలో లాంచి నడిపానా, ఏం చూశాను? అద్దం, దాని మీద అటూ ఇటూ కొట్టుకునే పుల్ల, ముందు కాసిని నీళ్ళు. మొత్తం ఎలా ఉంటుందో ఒక్కసారీ చూళ్ళేదు. పైనుంచైతే ఏరంతా నా కాజాలో పడుతుంది."

నాకు చెప్పలేనంత కోపం వచ్చింది. దాచుకోవడమెందుకు, ఏడుపు కూడా వచ్చింది. ఒక్కగానొక్క కూతురు పక్కన కూర్చుని ఉంటే, మిగిలిన చూపంతా తీసుకెళ్ళి నీళ్ళకి ధారపోస్తానంటుందా? "ఏరు ఎక్కడికీ పోదులే," అన్నాను పుల్లవిరుపుగా. "నా కళ్ళు పోతాయిగా," అంది అమ్మ.

ఈ మాట మావయ్య చెవిన వేసింది నేనే, తిట్టుకుంటూ. ఆయన కుడుతున్న గొడుగు అలాగే ఒళ్ళో పెట్టుకుని అద్దాల కప్పు కేసి చూస్తూ ఉండిపోయాడు. మర్నాడు వెళ్ళేసరికి, ఫొటో స్టూడియో ఆయన మూల పడేసిన పాత డ్రోన్ మావయ్య బల్ల మీద ఉంది. పక్కన కూర్చుని స్టూడియో ఆయన పాఠం చెబుతున్నాడు.

"దీనికి వాన పడదండీ మావయ్యా. మోటార్లు కాస్త ఓర్చుకుంటాయిగానీ, పొట్ట కింద గాలి పీల్చే సందులున్నాయి చూశారూ, వాటిలోంచి ఒక్క చుక్క లోపలికి పోతే బోర్డు పోయినట్టే. అప్పటికప్పుడు పోయినా బాగుండు. ఆరిందిలే అనుకుని ఇంకో రోజు ఎగరేస్తే, నడినెత్తిన ఉండగా పోతుంది."

మావయ్య బుద్ధిగా తలూపాడు. కానీ ఆయన బుర్రలో ఒక్కటే ఉంది. తడిసేది ఏదైనా సరే, దానికో గొడుగు కావాలి. జీవితమంతా అదే చేసిన మనిషి మరి! మంచి నల్లబట్ట తీసి, సన్నటి ఊచలు కోసి, ఆ డ్రోన్‌కి కొలతలు పట్టి మరీ ఒక గొడుగు కుట్టాడు. చుట్టూ అంచు కిందికి దిగేలా కుచ్చు కూడా పెట్టాడు, చినుకు పక్కనుంచి కొట్టకుండా.

బేకరీ వెనక ఖాళీ స్థలంలో దాన్ని ఎగరేసిన రోజు నేనూ ఉన్నాను. వాన లేదు, ఊరికే ప్రయోగం. అది లేచింది. లేచి, ఆగకుండా ఇంకా లేచింది. మావయ్య రిమోట్ పుల్లని కిందికి లాగుతున్నాడు, అది పైకి పోతోంది. కిందికి చూసే దాని సెన్సర్ కళ్ళకి ఈయన పెట్టిన కుచ్చు నేలలా కనిపించిందట. నేల తగులుతోందని బెదిరి అది పైకి లేస్తుంటే, ఆ నేల కూడా దానితోపాటే పైకొస్తోంది పాపం! మావయ్య మొహంలో నెత్తుటి చుక్క లేదు. బేకరీ ఆయన పిండి చేతులతో బయటికొచ్చి, ఆకాశం కేసి చూసి, "ఆ కాకికి గొడుగెవరు కుట్టారండీ?" అన్నాడు.

"నేనే," అన్నాడు మావయ్య. ఆ గాభరాలో కూడా గొంతులో కాస్త గొప్ప వినిపించింది నాకు.

చివరికి బ్యాటరీ అడుగంటాక అది మొండితనం మాని, ఒళ్ళు కాలిపోతున్న వేడితో బేకరీ టార్పాలిన్ పందిరి మీద చతికిలబడింది. స్టూడియో ఆయన నవ్వి నవ్వి గోడకి ఆనుకుపోయాడు. "తీసేయండి మావయ్యా, దానికి ఊపిరాడట్లేదు!"

మావయ్య ఊచలు విప్పి, బట్ట మడతపెట్టి, డ్రోన్‌ని దులిపి సంచీలో పెట్టుకున్నాడు. ఇంటికి నడుస్తుంటే మధ్యలో ఆగి, "గొడుగు పట్టాల్సింది దానికి కాదమ్మడూ," అన్నాడు. "వానకి అంచుంటుంది. చీరకున్నట్టే. దాన్ని ఆ అంచుకి ఇవతలే ఉంచాలి. ఇవతల నుంచే అక్కకి చూపించాలి."

ఆనాటి నుంచి ఆయనకి వాన తప్ప వేరే ధ్యాస లేదు. దుకాణానికి వచ్చిన గొడుగులు మూలన గుట్టపడ్డాయి. మావయ్య రేవుకి వెళ్ళి కూర్చునేవాడు. వాన ఏ వైపు నుంచి దిగుతుంది, దానికి ముందు చల్లగాలి ఎంతసేపు వీస్తుంది, ఆవలి ఒడ్డున చెట్లు మాయమయ్యాక ఇవతలికి రావడానికి ఎంత పడుతుంది, అన్నీ అలా చూస్తూ ఉండేవాడు. ఒకసారి నేను బస్సు దిగి అటు వెళ్ళాను. ఏటి మీద పల్చటి మంచు. నీళ్ళెక్కడ ఆగాయో, ఆకాశం ఎక్కడ మొదలైందో తెలియడం లేదు. దూరంగా ఒక పడవ గాల్లో తేలుతున్నట్టు పోతోంది. మావయ్య బెంచీ మీద కూర్చుని, బేకరీ నుంచి తెచ్చుకున్న పల్చటి కాగితం ఒకటి గాల్లోకి చాపి పట్టుకున్నాడు. పక్కన కూర్చున్నాను. నాకు డిపో, హారన్లు, చిల్లర గొడవలు, అన్నీ ఎక్కడో వేరే ఊళ్ళో జరిగినట్టు అనిపించాయి.

"వాన లేదుగా, ఎగరేయొచ్చుగా," అన్నాను కాసేపటికి.

ఆయన కాగితం నా చేతికిచ్చాడు. మెత్తగా, చెమ్మగా ఉంది. "మంచు కూడా నీళ్ళేనే పిచ్చిదానా. చినుకైతే తట్టి లేపి మరీ తడుపుతుంది. ఇది దొంగలా దూరుతుంది."

ఎగరేసే రోజుల్లో ఆయన చాదస్తం చూస్తే నాకు అరికాలి మంట నెత్తికెక్కేది. తడి గడ్డి మీద నుంచి లేపడు, రెక్కల గాలికి తుంపర్లు లేచి పొట్టలోకి పోతాయట. అందుకని రబ్బరు చాప. దింపగానే బ్యాటరీ తీసి, మెత్తటి గుడ్డతో అద్దాన్నీ, రెక్కల్నీ, ఒక్కో మోటారు సందునీ తుడిచేవాడు. తర్వాత మూత బిగిసే డబ్బాలో, చెప్పుల పెట్టెల్లో వచ్చే చెమ్మ పీల్చే తెల్ల పొట్లాల మధ్య దాన్ని పడుకోబెట్టేవాడు. కాస్త చెమ్మ అనుమానం ఉన్నా ఆ మర్నాడు దాని మొహం కూడా చూడనిచ్చేవాడు కాదు. "పసిపిల్లకి కూడా ఇన్ని సేవలు ఉండవు మావయ్యా," అంటే, "పసిపిల్లైతే తడిస్తే ఏడుస్తుంది. ఇది నోరు లేనిది," అనేవాడు.

ఈలోగా అమ్మ కాజా చిన్నదవుతోంది. ఒక పొద్దున కాఫీ కప్పు బల్ల మీద పెడుతున్నాననుకుని పక్కన గాల్లో పెట్టింది. పగిలిన ముక్కలు ఏరుతూ నేను తల ఎత్తలేదు. "బల్ల జరిపావేంటే," అంది అమ్మ. "ఆఁ, జరిపానమ్మా," అన్నాను. బల్ల ఎప్పటిచోటే ఉంది. ఆ రోజు డిపోకి వెళ్తూ దారిలో దుకాణం ముందు ఆగి, సందంతా వినిపించేలా అరిచాను. "నీ డ్రోన్ పొడిగా ఉంటే సరిపోతుందా మావయ్యా? ఆవిడ కళ్ళు ఆగుతాయా నీ అంచుల కోసం?" బేకరీ ఆయన నన్ను లోపలికి తీసుకెళ్ళి కూర్చోబెట్టి ఒక బన్ను చేతిలో పెట్టాడు.

ఆ వారంలోనే, నాకు సెలవున్న రోజు మధ్యాహ్నం, మావయ్య రొప్పుతూ మెట్లెక్కి వచ్చాడు. "అక్కని లేవదియ్యి. ఇవాళ వస్తుంది."

రేవు చెక్కల దారిలా ఏట్లోకి సాగి ఉంటుంది. దాని చివర రేకుల కప్పు, కింద బెంచీ, పక్కన ఒక దీపస్తంభం. అమ్మని బెంచీ మీద కూర్చోబెట్టాం. డ్రోన్ చూసేదాన్ని చూపించే ట్యాబ్‌ని చేయి చాచినంత దూరంలో పట్టుకుంది, బొమ్మంతా కాజాలో పట్టాలని. ఆవలి ఒడ్డు వెనక ఆకాశం సిరా రంగుకి తిరిగింది. ఇవతల మాత్రం పల్చటి ఎండ, నీళ్ళు కదలకుండా ఉన్నాయి. మావయ్య కాగితం చాపాడు. పొడిగానే ఉంది. కప్పుకి అవతల, ఏటి వైపు అంచున రబ్బరు చాప పరిచాడు.

డ్రోన్ లేచి, చిన్నదై, ఏటి మీదికి పోయింది.

"ఏదీ... ఆఁ... పడింది," అంది అమ్మ. గొంతు చిన్నపిల్ల గొంతులా అయిపోయింది. "ఒరేయ్, ఏరంతా పడిందిరా! అదిగో ఇసుకతిప్ప. అది ఇంత వంకరగా ఉంటుందా! ఎన్నిసార్లు చుట్టూ తిరిగానో."

నేను ఆమె భుజం మీదుగా తొంగి చూశాను. ఏరు వెడల్పాటి వెండిరంగు దారిలా నిద్రపోతున్నట్టు ఉంది. ఆవలి ఒడ్డున ఇళ్ళు ఒక్కొక్కటే మసకబారి మాయమవుతున్నాయి. తర్వాత నీళ్ళ మీద ఒక గీత పుట్టింది. గీతకి ఇవతల నున్నగా, అవతల గరుగ్గా.

"నీళ్ళు కూడా తడుస్తాయే!" అంది అమ్మ.

నడి ఏట్లో, పడవలకి దారి గుర్తుగా, ఎర్ర బోయా ఒకటి తేలుతుంటుంది. అది దాటకూడదని మావయ్య ముందే ఒట్టేసుకున్నాడు. డ్రోన్ అక్కడ ఆగింది. వాన గీత ఇంకా చాలా దూరంలో, సన్నగా ఉంది. అమ్మ ముందుకి వంగి ట్యాబ్‌ని దగ్గరికి తెచ్చుకుంటోంది, దగ్గరైతే బొమ్మ తెగిపోతోంది, మళ్ళీ దూరం పెడుతోంది. నాకు ఆగలేదు. "ఇంకాస్త ముందుకి పోనీ మావయ్యా. మళ్ళీ ఎప్పుడు వస్తుంది ఇలాంటి రోజు!"

మావయ్య నా కేసి చూశాడు. అమ్మ కేసి చూశాడు. బోయా దాటించాడు.

గీత గోడైంది. తెల్లటి గోడ ఏటి మీద నడుచుకుంటూ వస్తోంది. ఇంతలో వానకి ముందొచ్చే చల్లగాలి డ్రోన్‌ని తాకింది. బొమ్మ ఒక పక్కకి ఒరిగింది. రిమోట్ కీచుకీచుమని అరవడం మొదలెట్టింది. మావయ్య కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి, చేయి మాత్రం పుల్ల మీద నుంచి తీయలేదు. "చూడక్కా. బాగా చూసుకో. పోతే పోయింది."

"పోతే పోయిందా?" అమ్మ చటుక్కున తలెత్తింది. "రేవులో నిలబడి ఆ మాట అనకురా. అవతలికి పంపినదాన్ని ఇవతలికి తేకుండా నేనెప్పుడూ ఇంటికెళ్ళలేదు. వెనక్కి తే."

"నువ్వింకా చూడలేదుగా అక్కా!"

"తెమ్మన్నానా!"

మావయ్య కళ్ళు తుడుచుకుని డ్రోన్‌ని ఇటు తిప్పబోయాడు. అమ్మ ఆయన మోచెయ్యి పట్టుకుంది. "తిప్పకు. తిప్పితే ఈ ఒడ్డే కనిపిస్తుంది. మొహం అటే ఉంచి వెనక్కి రానీ. గాలి కూడా ఇటే తోస్తోంది, దాన్ని నమ్ముకో."

"దానికి వెనక కళ్ళు లేవక్కా."

"నా లాంచికి మాత్రం ఉన్నాయేంట్రా? వెనక్కి తెచ్చేటప్పుడు రేవు మీద ఒకరు నిలబడి కేకేసేవాళ్ళు. ఏమే, ఆ తెర చూసింది చాలు. లేచి నిలబడి కేకెయ్."

లేచాను. తర్వాత ఆ బొమ్మ నేను చూడలేదు. ఆకాశంలో ఈగంత చుక్క వెనక్కి వెనక్కి వస్తోంది, దాని ముందు ఏరంత వెడల్పున తెల్లగా వాన. "తిన్నగా రా... తిన్నగా... దీపస్తంభం, మావయ్యా, స్తంభం! ఎడమకి! అబ్బా, నీ ఎడమ కాదు, ఇంటి వైపు, ఇంటి వైపు!" గొంతు చించుకుని అరుస్తున్నాను. నా వెనక అమ్మ గొంతు మాత్రం నిద్రలో మాట్లాడుతున్నట్టు నెమ్మదిగా వినిపిస్తోంది. "వస్తోంది... బోయా వానలో పోయింది... తిప్ప పోయింది... అబ్బ, నా వెంటే వస్తోందిరా... నా లాంచి వెనక ఇన్నేళ్ళూ ఇదేనా నడిచింది..."

డ్రోన్ స్తంభాన్ని రాసుకుంటూ వచ్చి చాప మీద దిగింది. మావయ్య మోకాళ్ళ మీద పడి దాన్ని ఎత్తుకున్నాడు. ఆయన వీపు మీద మొదటి చినుకులు టపటపా పడ్డాయి. కప్పు కిందికొచ్చి, బ్యాటరీ పీకేసి, పొడి గుడ్డ చుట్టి, రేకుల సందులోంచి ఒక్క చుక్క పడినా ఊరుకోనన్నట్టు దాని మీద గొడుగు విప్పి పట్టుకున్నాడు. రేకుల మీద వాన ఒక్కసారిగా కురిసింది.

"చూశావా అక్కా?"

"చూశాన్రా." అమ్మ అరచేత్తో కళ్ళు తుడుచుకుంది. "ఏమీ మిగల్లేదు. అంతా చూశాను."

ట్యాబ్ నా చేతికిచ్చేసింది. "ఇది లోపల పెట్టు. ఇక నువ్వు."

"నేనేంటి?"

"నిన్ను చూడాలి. మొత్తంగా, తల నుంచి పాదాల దాకా. చూసి ఎన్నాళ్ళైందో."

వెళ్ళి ఆమె పక్కన ఆనుకుని కూర్చుని మొహం దగ్గరగా పెట్టాను. అమ్మ నవ్వింది. "దగ్గరైతే నీ ముక్కొక్కటే కనిపిస్తుందే. దాని మీద కోపం ఒక్కటే కనిపిస్తుంది. లే. మొహం ఇటే ఉంచి వెనక్కి నడు."

నడిచాను. కప్పు అయిపోయింది.

"ఇంకా."

"వాన పడుతోందమ్మా!"

"పడనీ. పాదాలు రాలేదు. ఇంకా."

చెక్కల మీద అడుగులు తడుముకుంటూ వెనక్కి వెళ్ళాను. జుట్టులోంచి నీళ్ళు కళ్ళలోకి కారుతున్నాయి. నేను తడుస్తున్నానని అప్పటికి తోచింది కాబోలు, మావయ్య డ్రోన్‌ని బెంచీ కింద పెట్టి, గొడుగు పట్టుకుని నా వైపు పరిగెత్తుకొచ్చాడు.

"ఒరేయ్, అడ్డం తప్పుకోరా!" అరిచింది అమ్మ. "గొడుగు తియ్. మొహం కనిపించట్లేదు."

మావయ్య గొడుగు మూసేసి, పక్కకి జరిగి, తడుస్తూ నిలబడ్డాడు. నేను ఇంకొంచెం వెనక్కి వెళ్ళాను.

"ఆఁ. అక్కడ ఆగు," అంది అమ్మ. "కదలకు."

ఆగాను. అమ్మ బెంచీ మీద నుంచి నన్ను చాలాసేపు చూసింది.